గోదావరి నీళ్ల బిందె



కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1848లో రాజమహేంద్రవరంలో జన్మించారు. 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి లంచగొండితనాన్ని, మూఢాచారాలను ఎండగట్టారు. అదే ఏడు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచారు. వ్రాతలవరకు ఊరు ఓర్చుకుంది. మెచ్చుకున్నవారూ ఉన్నారు.

1881 డిసెంబరు 11న ఆయన తొలి వితంతు వివాహం జరిపించారు. అంతే, వెలి! వంటవారు రాలేదు, నీళ్లు మోసేవారు రాలేదు. నిన్నటిదాకా సమర్థించిన మిత్రులు కొందరు ప్రాయశ్చిత్తం చేసుకొని దూరమయ్యారు. వారిని దుర్మార్గులనలేము. ఇంట్లో పెండ్లికెదిగిన పిల్ల ఉంటుంది, రేపు తద్దినానికి ఎవరూ రారేమోనన్న బెంగ ఉంటుంది. చెడ్డవారి బలంకన్నా మంచివారి ఈ భయమే సంఘాన్ని కదలనివ్వదని నాకు తోస్తుంది.

అప్పుడు భార్య రాజ్యలక్ష్మమ్మగారు బిందె పట్టుకొని గోదావరికి నడిచారు. తానే నీళ్లు తెచ్చి, పెండ్లివారికి వండిపెట్టారు. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు సంఘ ప్రగతిపై సిద్ధాంతాలు చాలానే వల్లించాను. ఆ పుస్తకాల్లో ఈ బిందె నాకెక్కడా కనిపించలేదు.

ఆ తరువాత మరెన్నో వివాహాలు జరిగాయి. 1906లో హితకారిణీ సమాజం స్థాపించి, పంతులుగారు తమ ఆస్తిని దానికి అప్పగించారు. 1910లో ఆమె, 1919లో ఆయన కన్నుమూశారు. ఆ దంపతులకు సంతానం లేదు. అయినవారు తలుపు మూసిన పెండ్లికూతుళ్లకు వారిల్లే పుట్టిల్లయింది.