జపాన్ సర్కారులో తొలి మహిళా డైరెక్టరు – యమకావా కికుయే

జపాన్‌లో మన రాష్ట్రాల వంటి పాలనా విభాగాలను ప్రిఫెక్చర్లు అంటారు. వాటికి గవర్నర్లను ప్రజలే ఎన్నుకుంటారు. అలా ఎన్నికైన తొలి మహిళ ఓటా ఫుసాయే గారు. 2000లో ఒసాకా గవర్నరు కావడానికి ముందు ఆవిడ కూడా మనలాగే ప్రభుత్వోద్యోగి. ప్రభుత్వోద్యోగంలో స్త్రీలకు ఆ బాట వేసిన పెద్దావిడ ఒకరున్నారు. ఆమె గురించి మన సభ్యులకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

యమకావా కికుయే గారు 1890 నవంబరు 3న టోక్యోలో జన్మించారు. తాతగారు మిటో సంస్థానంలో పేరుమోసిన పండితులు. 1908లో చదువుకుంటున్న రోజుల్లో మత ప్రచారకులతో కలిసి ఒక నూలుమిల్లు చూడబోయారు. రాత్రంతా పనిచేసి తూలిపోతున్న ఆడపిల్లలకు ఆ పెద్దలు శ్రమ గొప్పతనం గురించి ఉపన్యసిస్తుంటే, వేదిక పక్కన నిలబడిన కికుయే గారు సిగ్గుతో కుంచించుకుపోయారు. ఆ తర్వాత జీవితమంతా ఆ పిల్లల పక్షానే కలం పట్టారు. 1916లో సామ్యవాది యమకావా హితోషి గారిని వివాహమాడారు. ఇంటిమీద పోలీసు నిఘా తప్పలేదు. రాతలమీద బతుకు జరగని కాలంలో దంపతులు కౌజుపిట్టలు పెంచారు. 1937లో భర్తను అరెస్టు చేశారు.

యుద్ధం ముగిశాక కాలం మారింది. 1946 ఏప్రిల్ 10న జపాన్ స్త్రీలు మొదటిసారి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేశారు. 39 మంది మహిళలు గెలిచారు. 1947 సెప్టెంబరులో కొత్తగా ఏర్పడిన కార్మిక మంత్రిత్వ శాఖలో స్త్రీల, బాలల విభాగానికి కికుయే గారిని డైరెక్టరుగా నియమించారు. అప్పటికి ఆమెకు 56 ఏళ్లు. మనం రిటైర్మెంటు కాగితాలు సర్దుకునే వయసు!

అక్కడ ఆమె చేసిన ఒక పని నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. ప్రిఫెక్చర్లలో ఆ విభాగం శాఖా కార్యాలయాలు తెరిచినప్పుడు, అధికారులుగా అందరినీ స్త్రీలనే వేయించారు. సమాన పనికి సమాన వేతనమని 1947 చట్టంలో రాసుకున్నారు. కానీ చట్టం గెజిట్‌లో అచ్చయినంత మాత్రాన మిల్లు దాకా నడిచిపోదు కదా! వెళ్లి విచారించే మనిషి కావాలి. తన గోడు చెప్పుకోవడానికి కూలిపిల్ల జంకని మనిషి కావాలి.

నేను 1970లలో సర్వీసులో చేరినప్పుడు మా ఆఫీసులో ఆడవాళ్లకు టైపు మిషనో, టప్పా సీటో తప్ప మరొకటి ఇచ్చేవారు కాదు. వాళ్లకు క్యాంపులు కుదరవనేవారు. కుదురుతుందో లేదో ఒక్కరినైనా పంపి చూసింది లేదు. కికుయే గారు పంపి చూపించారు.

ఆ విభాగాన్నే ఎత్తేయాలన్న ప్రయత్నాలు జరిగినా, మహిళా సంఘాలు అడ్డు నిలిచి కాపాడుకున్నాయి. 1951లో ఆమె పదవి వదిలారు. ఆ కుర్చీలోకి ఫుజితా తకి గారు వచ్చారు. 1950లో ఆ శాఖలో చేరిన మొరియామా మయుమి గారు తర్వాత అదే విభాగానికి డైరెక్టరై, 1989లో దేశ మంత్రివర్గ ముఖ్య కార్యదర్శి పదవిని అందుకున్న తొలి మహిళ అయ్యారు.

కికుయే గారు 1980 నవంబరు 2న, తొంభైవ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు కన్నుమూశారు. పై కుర్చీ దక్కినవారు చాలామంది ఉంటారు. దక్కిన కుర్చీతో తనవెనుక వచ్చేవారికి ఊరూరా కుర్చీలు వేయించినవారు అరుదు. ఉద్యోగాల్లో ఉన్న మన కూతుళ్లకు, మనవరాళ్లకు ఈ కథ తప్పక చెప్పాలని సభ్యులకు నా మనవి.