అన్నదమ్ములను పోగొట్టుకున్న శాస్త్రవేత్త

పలాస, టెక్కలి, ఉద్దానం పల్లెల్లో బోదకాలు నివారణకు పంచిన డి.ఇ.సి. మాత్రలు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ మందును 1947లో వెలుగులోకి తెచ్చిన బృందానికి నాయకుడు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. తర్వాత అమెరికా వెళ్లారు. అక్కడ లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి 1945లో ప్రకటించింది. ట్రైఅమైనో పిరిమిడీన్, డైబ్రోమో ప్రొపియొనాల్డిహైడ్, పారా అమైనోబెంజోయిల్ గ్లుటామిక్ ఆమ్లం, ఈ మూడింటిని ఒకే పాత్రలో, పి.హెచ్. 4 దగ్గర కలిపారు. ఆ మందు స్ప్రూ రోగులకు ప్రాణం పోసింది. సోదరులకు మాత్రం అందలేదు. 1948లో ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశారు.

చర్యా పరిస్థితులను పరీక్ష కోసం బట్టీ పట్టే మీ పిల్లలకు ఈ సంగతి చెప్పండి. ఆ చిన్న అంకె వెనుక ఒక ఇంటి దుఃఖం ఉందని వారికి తెలియాలి.