బహుశాస్త్ర పరిశోధకుడు థామస్ యంగు

గ్రంథాలయమున పుస్తకములను అలమరల వారీగా సర్దుట మన సౌకర్యము కొరకు. వైద్యమొక చోట, భౌతికశాస్త్రమొక చోట, భాషాశాస్త్రమొక చోట, చరిత్ర వేరొక చోట నుండును. చదువరులలో పెక్కుమంది తమకు అలవాటైన అలమర యొద్దకే పోయి, తక్కినవాని వంక చూడకయే మరలివచ్చుచుందురు. ఇన్ని అలమరలలోను చోటు సంపాదించుకొన్న ఒక మహనీయుని జీవితమును ఈ రజతోత్సవ సందర్భమున మన చందాదారులు స్మరించుట ఉచితమని తలచి ఈ వ్యాసము వ్రాయబడుచున్నది.

ఆతని పేరు థామస్ యంగు. లోహపు తీగ బరువునకు ఎంత సాగునో లెక్కించుట నేర్చుకొను విద్యార్థులు యంగ్ గుణకము అను మాటను వినియే యుందురు. కాంతిని గూర్చి చదువువారు యంగు ప్రయోగమును చదువుదురు. కంటివైద్య చరిత్రలో ఒక యంగు కలడు. ఈజిప్టుదేశపు ప్రాచీన లిపిని చదువ యత్నించినవారిలో ఒక యంగు కలడు. వీరందరును ఒక్కడే యని తెలిసినవారు కొద్దిమంది మాత్రమే.

యంగు 1773వ సంవత్సరము జూన్ 13వ తేదీన ఇంగ్లాండు దేశపు పడమటి భాగమున, సోమర్సెట్ మండలములోని మిల్వర్టన్ గ్రామమున జన్మించెను. తండ్రి బట్టల వ్యాపారమును, బ్యాంకు వ్యవహారములను చేయుచుండెను. పదిమంది సంతానములో ఈతడు పెద్దవాడు. వారిది నిరాడంబర జీవనమునకు పేరొందిన క్వేకరు మతశాఖకు చెందిన కుటుంబము. బాల్యమున మొదటి ఏడేండ్లు ఆతడు ఎక్కువగా మైన్‌హెడ్ పట్టణమున మాతామహుని ఇంట పెరిగెను. ఆతడు ఏకసంథాగ్రాహి. రెండేండ్ల ప్రాయముననే చదువ నేర్చెననియు, నాలుగేండ్లు నిండునప్పటికి బైబిలు నంతను రెండు పర్యాయములు చదివెననియు ఆతని చరిత్రకారులు వ్రాసియున్నారు.

ఆతని జీవితమును మలుపు త్రిప్పినది మాత్రము ఏ గొప్ప విద్యాలయమును గాదు. సుమారు ఎనిమిదేండ్ల వయసున ఆ బాలుడు పొరుగున నున్న ఒక సర్వేయరు ఇంటికి పోవుచుండెను. ఆ ఇంట కళలను, శాస్త్రములను గూర్చిన మూడు పెద్ద సంపుటముల నిఘంటువు ఉండెను. అక్షరక్రమమున కూర్చిన అట్టి గ్రంథమునందు గడియారము ప్రక్కన గ్రహణమును, వంతెన ప్రక్కన వైద్యమును ఉండుటయే సహజము. బాలుడు గంటల తరబడి ఆ పుటలు త్రిప్పుచు, అచ్చటనే యున్న భూమి కొలుచు పరికరములను చేతబట్టి వాని వాడుకను నేర్చుకొనెను. ఈ శాస్త్రము నాది, అది పరులది అను భేదము ఆతని మనసున పుట్టకుండుటకు అదియే మూలమని చెప్పవచ్చును.

తరువాత డార్సెట్ మండలమున కాంప్టన్ అను ఊరి పాఠశాలలో లాటిను, గ్రీకు, ఫ్రెంచి, ఇటాలియను భాషలను అభ్యసించెను. అచ్చటి సహాయోపాధ్యాయుడొకడు దూరదర్శినిని చేయుటను, పుస్తకములకు అట్టకట్టుటను గూడ నేర్పెను. అటుపై హీబ్రూ, అరబ్బీ, పారసీక భాషలవైపు దృష్టి మరలెను. పదునాలుగవ ఏట ధనవంతుడగు డేవిడ్ బార్క్లే ఇంట, ఆయన మనుమడు హడ్సన్ గర్నీకి తోడుగా చేరి, ఐదేండ్ల కాలము స్వయంకృషితో చదువుకొనెను. ఈ గర్నీ యంగునకు జీవితాంతము ప్రాణస్నేహితుడై, మరణానంతరము ఆతని చరిత్రను వ్రాసెను.

తల్లి వైపు బంధువు, తాత వరుసవాడు అగు డాక్టర్ రిచర్డ్ బ్రోకల్స్‌బీ లండనులో ప్రసిద్ధ వైద్యుడు. ఆయన ప్రోత్సాహముతో యంగు 1792లో వైద్యవిద్యను ప్రారంభించెను. దగ్గర వస్తువును, దూరపు వస్తువును కన్ను ఎట్లు స్పష్టముగ చూడగలుగుచున్నది యను ప్రశ్న ఆనాడు తెగని చిక్కుగా నుండెను. యంగు ఎద్దుకన్నును కోసి పరీక్షించి, కంటిలోపలి కటకము తన ఆకారమును మార్చుకొనుటచేతనే ఇది సాధ్యమగుచున్నదని 1793లో రాయల్ సొసైటీకి వ్రాసెను. మరుసటి యేట, ఇరువది యొకటవ ఏటనే, ఆ సంఘమున సభ్యుడయ్యెను.

కొందరు ఆక్షేపింపగా, ఆతడు 1801లో మరల ఆ విషయమునకే వచ్చి తన కంటినే ప్రయోగశాల చేసికొనెను. కంటిముందర నీటిని నిలిపి, పై పొరకు కాంతిని వంచు శక్తి లేకుండ చేసి చూచెను. అయినను దగ్గర, దూరములకు చూపు సర్దుకొనుచునే యుండెను. శుక్లములకు చికిత్స పొంది లోపలి కటకమును కోల్పోయినవారిని పరీక్షింపగా వారికి ఆ శక్తి లేదని తేలెను. పని చేయునది ఆ కటకమే యని దీనివలన స్థిరపడెను. నిలువు గీతకును, అడ్డు గీతకును తన చూపు వేర్వేరు దూరములందు కుదురుచున్నదని కనిపెట్టి, నేడు ప్రత్యేకపు అద్దములతో సవరించు ఆ దృష్టిదోషమును మొట్టమొదట కొలిచి వర్ణించినవాడును ఈతడే.

ఇంతలో ఆతడు ఎడింబరోలో చదివి, జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయమున 1796లో వైద్యపట్టమును పొందెను. ఆ పట్టమునకై వ్రాసిన గ్రంథము చివర, మనుష్యకంఠము పలుకగల ధ్వనులన్నిటికిని 47 అక్షరముల వర్ణమాల నొకదానిని కూర్చెను. వైద్యవ్యాసమున అక్షరమాల యెందుకని అడుగవచ్చును. కంఠము శరీరభాగము, అందుండి పుట్టునది ధ్వని, ధ్వని కూడినచో భాష. ఆతని ఆలోచన ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు ఇట్లే నడచుచుండెను.

ధ్వని గాలిలో తరంగములుగ పోవును. రెండు తీగల శ్రుతి రవ్వంత భేదించినపుడు నాదము హెచ్చుచు తగ్గుచు వినబడుట తంబుర శ్రుతిచేయు వారందరు ఎరిగినదే. చెరువులో రెండు రాళ్లను ఒక్కమారు వేసినచో, రెండు వలయముల అలలు కలిసిన చోట ఒకచో నీరు మరింత లేచును, ఒకచో కదలక నిలుచును. కాంతియు ఇట్టిదే యైనచో, వెలుగునకు వెలుగు తోడై చీకటి పుట్టవలయును గదా యని యంగు తర్కించెను. కాంతి సూక్ష్మకణముల ప్రవాహమని న్యూటను పక్షమువారు నమ్ముచుండిన కాలమది.

1803లో ఆతడు కిటికీకి అడ్డుగా పెట్టినదానిలో సన్నని రంధ్రము చేసి, సూర్యకిరణమును చీకటిగదిలోనికి రానిచ్చి, అంగుళములో ముప్పదవ వంతు వెడల్పుగల అట్టముక్కను దానికి అడ్డుగ నిలిపెను. అట్ట నీడలో చారలు కనబడెను. అట్టకు ఒక ప్రక్కనుండి పోవు వెలుగును ఆపగానే, రెండవ ప్రక్క వెలుగు పోవుచున్నను, నీడలోని ఆ చారలు మాయమయ్యెను. రెండు ప్రక్కల వెలుగులు కలియుటవలననే చారలు పుట్టుచున్నవని తేలెను. నేడు వ్యతికరణమని పిలువబడు సిద్ధాంతమిదియే. ఎరుపు, ఆకుపచ్చ, ఊదా అను మూడింటిని మాత్రమే గుర్తించు అంశములు కంటిలో నున్నచో రంగులన్నియు చూడ సాధ్యమగునని ఊహించినవాడును ఈతడే. నేటి టెలివిజను తెర మీది రంగులు మూడు వెలుగుల కలయికతోనే ఏర్పడుచున్నవి.

ఆ దినములలో ఆతడు లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఆచార్యుడై, యంత్రములు, జలగతి, ధ్వని, కాంతి, ఖగోళము మొదలగు సమస్త విషయములను గూర్చి ఉపన్యసించెను. 1807లో ఆ ఉపన్యాసములు రెండు పెద్ద సంపుటములుగ వెలువడెను. శక్తి అను మాటకు సమానమగు ఇంగ్లీషు పదమును నేటి శాస్త్రార్థమునకు చేరువగ మొదట ప్రయోగించినది అందే. అయితే ఆతని మాట మిక్కిలి క్లుప్తము. వినువారికి అందెడిది కాదు.

పరిశోధనకు గౌరవము రాకపోగా నింద వచ్చెను. హెన్రీ బ్రూమ్ అను యువ న్యాయవాది పేరు వ్రాయకయే ఎడింబరో పత్రికలో యంగును తూలనాడెను. యంగు 1804లో చిన్న పుస్తకముగ సమాధానమును అచ్చొత్తించెను. ఆ పుస్తకము ఒకే ఒక ప్రతి అమ్ముడుపోయెనట! సుమారు పదునైదేండ్లు ఆ సిద్ధాంతము ఎవరికిని పట్టలేదు. ఫ్రాన్సుదేశమున ఫ్రెనెల్ అను ఇంజనీరు స్వతంత్రముగ ఆ దారినే నడచి, గణితముతో దానిని స్థాపించిన తరువాతనే లోకము యంగును తలచుకొనెను.

వృత్తి వైద్యమేగదా యని యంగు మరింత శ్రద్ధతో దానియందు నిలిచెను. 1811 మొదలు మరణపర్యంతము లండనులోని సెయింట్ జార్జి ఆస్పత్రిలో వైద్యుడుగ నుండెను. కాని తమ వైద్యుడు నక్షత్రములను, శిలాశాసనములను గూర్చి వ్రాయుచున్నాడని తెలిసినచో రోగులకు నమ్మకము సడలును. రెండు పడవలపై కాలిడినవాడని జనులు అందురు. అందువలన యంగు తన రచనలను పెక్కింటిని పేరులేకుండ ప్రకటించెను. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా అనుబంధమునకు ఆతడు వంతెనలు, వడ్రంగము, రంగులు, భాషలు, ఈజిప్టు, సముద్రపు పోటుపాటులు, తూనికలు కొలతలు మున్నగు విషయములపై అరువదికి పైగా వ్యాసములను వ్రాసెను. 1818 నుండి నావికులు వాడు పంచాంగమునకు పర్యవేక్షకుడుగను, తరువాత ఒక జీవితబీమా సంఘమునకు లెక్కల పరీక్షకుడుగను పనిచేసెను.

భాషలపై చిన్ననాటి ప్రేమ ఆతనిని విడువలేదు. 1813లో నానాదేశ భాషలను పోల్చి వ్రాయుచు, సంస్కృతము, గ్రీకు, లాటిను మొదలగు భాషల కుటుంబమునకు ఇండో-యూరోపియన్ అను పేరును మొదట వాడెను. మూడేండ్ల తరువాత, 1816లో, మదరాసులో ఎల్లిస్ దొర తెలుగు, తమిళము, కన్నడములు సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, వేరొక కుటుంబమునకు చెందినవనియు నిరూపించెను. ప్రపంచభాషలకు బంధుత్వములు విచారించుచున్న ఆ కాలమున మన భాషకును దాని చోటు దొరకెను.

1799లో ఈజిప్టులో దొరకిన రొసెట్టా శిలపై ఒకే శాసనము మూడు లిపులలో నుండెను: పైన చిత్రలిపి, నడుమ వాడుకలిపి, క్రింద గ్రీకు. 1814 వేసవిలో యంగు నడిమి లిపి ప్రతిని చేతబట్టెను. ఆ లిపి చిత్రలిపినుండియే పుట్టినదనియు, గీత చుట్టిన గుర్తులలో టాలమీ రాజు పేరు ధ్వనులనుబట్టి వ్రాయబడినదనియు గుర్తించి, కొన్ని గుర్తుల విలువలను సరిగను, కొన్నిటిని తప్పుగను నిర్ణయించెను. ప్రాచీన ఈజిప్టుభాషకు వారసురాలగు కోప్టు భాషను జీవితమంత అభ్యసించిన షాంపోలియన్ 1822లో ఆ లిపి వ్యవస్థనంతను విప్పెను. పారిసులో ఆయన తన పరిశోధనను వినిపించిన సభలో యంగు శ్రోతగా నుండెను. మొదటి అడుగు తనదని యంగు తరువాత వ్రాసెను. గమ్యము చేరినది షాంపోలియనే యని లోకము తీర్పు చెప్పెను. రెండును సత్యములే.

ఈ జీవితమున ఒక నష్టము కలదని ఒప్పుకొనవలయును. కాంతిని ఫ్రెనెల్, లిపిని షాంపోలియన్, రంగుల సిద్ధాంతమును తరువాతి తరమున హెల్మ్‌హోల్ట్స్ పూర్తిచేసిరి. యంగు ఒక్కదానియందే నిలిచినచో ఆ పంట తానే కోసికొనెడివాడేమో! కాని ధ్వనిని శోధింపనివాడు కాంతిలో తరంగములను వెదకునా? కంటిని కోసి చూడనివాడు రంగులకు మూలము కంటిలో నున్నదని తలచునా? ఆతడు విత్తిన గింజలన్నియు పొరుగు పొలమునుండి తెచ్చినవే.

1827లో ఫ్రాన్సు విజ్ఞానపరిషత్తు తన ఎనిమిదిమంది విదేశీ సభ్యులలో ఒకనిగ ఆతనిని ఎన్నుకొనెను. రెండేండ్లలోపలనే ఆరోగ్యము చెడెను. మంచము పట్టియు ఆతడు ఈజిప్టు వాడుకలిపికి నిఘంటువును కూర్చుచుండెను. కలము పట్టు శక్తి లేనపుడు పెన్సిలుతో వ్రాసెను. 1829 మే 10వ తేదీన, 55 ఏండ్ల వయసున, లండనులో కన్నుమూసెను. ఆ నిఘంటువు 1831లో వెలువడెను.

ఈ చరిత్రలో మనమందరము స్మరింపదగిన వ్యక్తి మరియొకడు కలడు. పొరుగింటి పిల్లవాడు తన పుస్తకముల పుటలు త్రిప్పుచుండగా వద్దనక ఊరకున్న ఆ సర్వేయరు! ఆతడు పండితుడు కాడు. ఇంట మూడు మంచి పుస్తకములు ఉంచుకొన్నవాడు. గ్రామ గ్రంథాలయము చేయు పనియు అంతియే. ఏ పిల్లవాడు ఏ అలమర ముందు నిలుచునో, అందుండి ఎచ్చటికి పోవునో మన మెరుగము. అన్ని అలమరలను తాళము వేయక తెరచియుంచుట మన విధి. కావున చందాదారులు ఈసారి వచ్చినపుడు తమకు అలవాటు లేని అలమరనుండి ఒక్క పుస్తకమైనను తీసికొని పోవుదురు గాక! పిల్లలను వెంటబెట్టుకొని వత్తురు గాక!