జోసెఫ్ ప్రీస్ట్లీ – సోడానీరు

వేసవియందు ఆదోని బజారున నడచువారును, ఎమ్మిగనూరు మగ్గముల యొద్దనుండి లేచి వచ్చువారును దప్పి తీర్చుకొనుటకు గోలీసోడా నడుగుట కలదు. గోలీని లోనికి నొక్కగానే కీచుమని యరచి పొంగెడి యా నీటిలో నిమిడియున్నది బొగ్గుపులుసు గాలియే. ఆ గాలిని నీటిలో కూర్చు సులభమార్గమును లోకమునకు దెలిపిన ప్రీస్ట్లీ యొక సంఘబోధకుడని మన విద్యార్థులలో పెక్కుమంది యెరుగరు.

ఈయన 1733వ సంవత్సరము మార్చి 13వ తేదీన ఇంగ్లండులోని లీడ్సు నగరమునకు సమీపముననున్న బర్‌స్టాల్ గ్రామమున జన్మించెను. తండ్రి ఉన్నిబట్టలకు మెరుగుపెట్టు పనివాడు. తల్లి బాల్యముననే మరణింపగా మేనత్త పెంచెను. మాటలో నత్తి యుండెను. అయినను హెబ్రీ, గ్రీకు, లాటిను భాషల నభ్యసించి 1755లో బోధకుడయ్యెను. నత్తిమాట వలనను, స్వతంత్రాభిప్రాయముల వలనను ఆ సంఘమువారికి ఆయనయందు ప్రీతి కలుగలేదు. పిమ్మట నాంట్‌విచ్ పట్టణమున పాఠశాల పెట్టి, కూడబెట్టిన కొలది ధనముతో గాలితోడు యంత్రమును, విద్యుద్యంత్రమును కొని పిల్లలకు చూపుచుండెను. ఉపాధ్యాయులకు ఈ సంగతి మిక్కిలి ఇంపుగా నుండును.

1767లో లీడ్సునందలి మిల్‌హిల్ మందిరమునకు బోధకుడుగా వచ్చినప్పుడు ఆయన నివాసము బీరు కాచు కర్మశాల ప్రక్కనే యుండెను. పులియుచున్న తొట్లపైన నొక జానెడెత్తున ఏదియో గాలి నిలిచియుండుట ఆయన గమనించెను. అందులో దించిన క్రొవ్వొత్తి యారిపోయెను. ఇది అంతకుముందే జోసెఫ్ బ్లాక్ పండితుడు వర్ణించిన బొగ్గుపులుసు గాలి. ప్రీస్ట్లీ రెండు పాత్రలను ఆ గాలిలో పట్టుకొని, నీటిని ఒకదానినుండి మరియొకదానిలోనికి మరల మరల పోసెను. కొంతసేపటికి ఆ నీరు జర్మనీదేశపు సెల్టర్సు ఊటనీటివలె పులుపుతో కూడిన రుచి నొందెను. తరువాత తొట్లతో పని లేకుండ సీమసున్నముపై గంధకామ్లము పోసి గాలిని పుట్టించి, తిత్తిద్వారా నీటిలోనికి పంపు పద్ధతి నేర్పరచి, 1772లో నొక చిన్న పుస్తకముగా ప్రకటించెను.

ఆయన కోరినది వర్తకము కాదు. ఆ కాలమున దూరప్రయాణము చేయు నావికులు స్కర్వీ యను వ్యాధిచే చిగుళ్లు వాచి, రక్తము కారి చచ్చుచుండిరి. దేహము కుళ్లుటవలన ఆ వ్యాధి కలుగుననియు, ఈ గాలి కుళ్లును మాన్పుననియు అప్పటి వైద్యులనేకులు తలంచిరి. అందుచేత 1772లో బయలుదేరిన కెప్టెన్ కుక్కు ఓడలకు ప్రీస్ట్లీ పద్ధతి నందజేసిరి. కాని సోడానీరు స్కర్వీకి మందు కాదు. నిమ్మజాతి ఫలముల గుణమును జేమ్సు లిండ్ అను వైద్యుడు 1747లోనే పరీక్షించి చూపెను. మన బజారులో నిమ్మకాయసోడా త్రాగువాడు ఆ మందును, మందు గాని దానిని ఒకే గ్లాసులో త్రాగుచున్నాడన్నమాట!

ధనము మాత్రము ఇతరులకు చేరెను. 1783లో జెనీవానగరమున యాకోబు ష్వెప్ సోడానీటి వ్యాపారము నారంభించెను. అటుపిమ్మట అల్లము, నిమ్మ, క్వినైను మొదలగువాని చేర్పుచే పలురకములు వెలసినవి. గోలీసీసాకు 1872లో ఆంగ్లేయుడైన హైరం కాడ్ హక్కు పొందెను. లోపలి గాలి యొత్తిడియే గోలీని మూతి యందలి రబ్బరు వలయమునకు అదిమి పట్టును.

1774 ఆగస్టు 1వ తేదీన ప్రీస్ట్లీ పాదరస భస్మముపై కటకముతో ఎండను కేంద్రీకరించి ప్రాణవాయువును వెలువరించెను. ఇంత ఘనుడైనను, త్రిత్వమును గూర్చిన ఆయన మతమును, ఫ్రెంచి విప్లవమునెడ ఆయన యభిమానమును అనేకులు సహింపలేదు. ఆ మతమును మనము అంగీకరింపము. అయినను 1791 జూలైలో బర్మింగ్‌హాము నందలి అల్లరిమూక క్రీస్తుసంఘము పేరు చెప్పుకొని ఆయన మందిరమును, గృహమును, పరికరములను, వ్రాతప్రతులను తగులబెట్టుట క్రీస్తుమార్గము కానేకాదు. 1794లో భార్యతో అమెరికా చేరి, పెన్సిల్వేనియాలోని నార్తంబర్లాండు గ్రామమున మరల ప్రయోగశాల కట్టుకొనెను. 1804 ఫిబ్రవరి 6వ తేదీ ఉదయమున పడకమీదనుండియే తన వ్రాతలకు దిద్దుబాట్లు చెప్పి వ్రాయించి, అవి సరిగా నున్నవని విని, కొలది నిమిషములకు ప్రాణము విడిచెను.