రబ్బీ లియో బేక్ మహాశయుడు

సుఖకాలమున జనులకు పెద్దగా నుండుట సులభము. ఆపద వచ్చినప్పుడు, తొలగిపోవుటకు దారి యుండియు తొలగక వారితో నిలుచుట దుర్లభము. అట్లు నిలిచిన పుణ్యపురుషులలో జర్మనీ దేశపు యూదుల గురువైన లియో బేక్ మహాశయు డొకరు. ధర్మశాస్త్రము నభ్యసించి జనులకు బోధించు గురువును యూదులు రబ్బీ యందురు.

బేక్ మహాశయులు 1873వ సంవత్సరము మే నెల 23వ తేదీన, నాడు ప్రష్యా రాజ్యములోనిదియు నేడు పోలండులోనిదియు నగు లిస్సా పట్టణమున జన్మించిరి. తండ్రి శామ్యూల్ బేక్ కూడ రబ్బీయే. వీరు బ్రెస్లా, బెర్లిను నగరములయందు విద్య నభ్యసించి, స్పినోజా తత్త్వమును గూర్చిన వ్యాసమునకు 1895లో డాక్టరు పట్టము నొందిరి. పిమ్మట ఓపెల్న్, డ్యూసెల్డార్ఫ్ పట్టణములలో గురుత్వము నెరపి, 1912లో బెర్లిను చేరిరి. 1905లో ప్రకటించిన యూదధర్మసారము అను అర్థము గల గ్రంథము వీరి పేరును పండితలోకమున నిలిపినది.

మానవుడు తాను సృష్టింపబడినవాడనని యెరుగుట యొకటి. తాను చేయవలసిన విధి కలదని యెరుగుట రెండవది. మొదటిది పరమ రహస్యము, రెండవది దైవాజ్ఞ. ఈ రెండును విడరానివని బేక్ మహాశయుల బోధ. విధి లేని భక్తి పనికి రాదు. భక్తి లేని విధి యెండిపోవును. ఈ రెంటి కలయిక పండుగలయందు కానవచ్చును. శుక్రవారము ప్రొద్దు గ్రుంకునప్పుడు యూదుల యింట దీపములు వెలుగును. అది మొదలు శనివారము రాత్రి పడువరకు పనిపాటలు నిలిచిపోవును. అది విశ్రాంతిదినము. మనుష్యుడు పనికి బానిస కాడని ఆ దినము ప్రతి వారమును గుర్తు చేయుచుండును.

వారి దినములన్నిటిలో మిక్కిలి పవిత్రమైనది ప్రాయశ్చిత్తార్థ దినము. ఒకనాటి సాయంకాలము మొదలు మరునాటి రాత్రివరకు అన్నపానములు విడిచి, ప్రార్థనామందిరమున చేరి, తమ దోషములను దైవము నెదుట ఒప్పుకొందురు. అందొక విశేషము గలదు. దోషముల నొప్పుకొను ఆ ప్రార్థనలో నేను అను మాటకు బదులు మేము అను మాటయే యుండును. ఒకని తప్పున అందరికిని పాలు గలదు. ఒకని కష్టమునను అట్లే. బేక్ మహాశయుల జీవితమంతయు ఈ మేము అను మాటకు వ్యాఖ్యానమని చెప్పవచ్చును.

1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. అప్పటికి జర్మనీలో యూదులు ఐదు లక్షలకు పైగా నుండిరి. వారందరి పక్షమున ఏర్పడిన ప్రతినిధి సభకు బేక్ మహాశయులు అధ్యక్షులైరి. బడులు నడుపుట, బీదలకు తోడ్పడుట, దేశము విడుచువారికి దారి చూపుట ఆ సభ చేసిన పనులు. 1935 సెప్టెంబరులో చేసిన శాసనములు యూదుల పౌరహక్కులను హరించినవి. కొలది దినములకే ప్రాయశ్చిత్తార్థ దినము వచ్చెను. ఆనాడు చదువుటకై బేక్ మహాశయులు ఒక ప్రార్థన వ్రాసి దేశమందలి మందిరములకు పంపిరి. దైవము నెదుట తమ దోషముల నొప్పుకొనుచునే, తమ ధర్మముపై వేయబడు నిందలు అసత్యములని అందు నిర్భయముగా తెలిపిరి. దైవమునకు వంచిన తలను అసత్యమునకు వంచ నక్కరలేదని దాని సారము. ప్రభుత్వము దానిని నిషేధించి వీరిని నిర్బంధించి, కొంతకాలమునకు విడిచిపెట్టెను.

1937లో భార్య నాటలీ గతించెను. 1938 నవంబరులో ప్రార్థనామందిరములు తగులబెట్టబడెను. 1939లో కుమార్తె ఇంగ్లండునకు వెడలెను. విదేశములనుండి ఆహ్వానములు వచ్చినను, యూదులు మిగిలియున్నంతకాలము తాము కదలమని బేక్ మహాశయులు నిశ్చయించుకొనిరి. ఇంగ్లండునకు పోయియు మరల జర్మనీకే తిరిగివచ్చిరి.

1943 జనవరిలో తెల్లవారుజామున పోలీసులు వీరి యింటికి వచ్చిరి. కొంత వ్యవధి యడిగి, కుమార్తెకు ఉత్తరము వ్రాసి, గ్యాసుకును విద్యుత్తుకును చెల్లింపవలసిన సొమ్ము చెల్లించి బయలుదేరిరని చెప్పుదురు. తమ సర్వస్వమును హరించిన రాజ్యమునందును ఒకరికి బాకీపడి పోరాదను నియమము వారిది.

అరువది తొమ్మిదేండ్ల ప్రాయమున చెకోస్లవేకియాలోని తెరెజిన్ శిబిరము చేరిరి. అచ్చటికి తేబడిన సుమారు 1,40,000 మందిలో 33,000 మంది అచ్చటనే చనిపోయిరి. 88,000 మంది తూర్పునకు, అధికభాగము మరణమునకే, పంపబడిరి. బేక్ మహాశయులు చెత్తబండి లాగిరి. రాత్రివేళ కిక్కిరిసిన గదులలో ప్లేటోను గూర్చియు కాంటును గూర్చియు ప్రవక్తలను గూర్చియు ఉపన్యసించిరి. ఆకలితో నున్న వందలాది జనులు నిలుచుండి వినిరి. ఆ శిబిరమున ఎమిల్ యుటిట్జ్ అను తత్త్వవేత్త నిర్వహించిన గ్రంథాలయము సహితము కలదు. యూదుల యిండ్లనుండియు సంస్థలనుండియు దోచిన గ్రంథములే అందుండెను.

తూర్పునకు పోవువారికి అచ్చట మరణము కాచియున్నదని బేక్ మహాశయులకు 1943లో తెలిసెను. తెలిసియు వెల్లడింపలేదు. విషవాయువుచే చత్తుమను ఎరుకతో బ్రతుకుట మరింత దుర్భరమని తలచిరి. చెప్పియున్నచో కొందరైనను తప్పించుకొనియుందురని పిమ్మట పలువురు వీరిని విమర్శించిరి. ఆ ప్రశ్న నేటికిని తీరలేదు. మహాత్ముల జీవితమునందును తూచుటకు వీలుకాని ఘడియలుండును.

1945 మే నెలలో సోవియట్ సేనలు శిబిరమును విడిపించెను. అప్పుడును వెంటనే పోక, టైఫస్ జ్వరపీడితులకు తోడుగా నిలిచి, జూలైలో లండను చేరిరి. శిబిరమున మొదలుపెట్టిన యూదజాతి చరిత్ర గ్రంథమును పూర్తిచేసిరి. జర్మనీ యూదుల చరిత్రను రక్షించుటకు 1955లో వీరి పేర ఒక సంస్థ నెలకొల్పబడెను. 1956 నవంబరు 2వ తేదీన లండనులో దివంగతులైరి.

గ్రంథము చేత లేకపోయినను చదివిన చదువు మనసున నిలిచి, కటికచీకటిలో పదిమందికి పంచబడినది. పండుగనాడు మందిరమున పలికిన మేము అను మాటను చెత్తబండి కాడి క్రిందను మరువని బేక్ మహాశయుల చరిత్రము చదువరులకు సదా స్మరణీయము.