మారియస్ స్మిత్-పీటర్సన్

మారియస్ స్మిత్-పీటర్సన్ (నవంబరు 14, 1886 - జూన్ 16, 1953) నార్వేలో జన్మించిన ప్రముఖ అమెరికా ఎముకల శస్త్రవైద్యుడు. విరిగిన తుంటిని లోపలినుండి నిలిపే మూడు రెక్కల మేకును రూపొందించి ప్రసిద్ధుడయ్యాడు.

జననం, విద్య

ఇతడు గ్రిమ్‌స్టాడ్ పట్టణంలో జన్మించాడు. 1903లో అమెరికా చేరాడు. 1910లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, 1914లో హార్వర్డ్‌లో వైద్యపట్టా పొందాడు. తరువాత బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఎముకల వైద్య విభాగాధిపతి అయ్యాడు.

మూడు రెక్కల మేకు

అంతకుముందు తొడ ఎముక మెడ విరిగిన వృద్ధులను పిండికట్టుతో నెలల తరబడి మంచంపైనే ఉంచేవారు. న్యుమోనియా, పడకపుండ్ల వలన అనేకులు మరణించేవారు. బ్రతికినవారిలోనూ ఎముక తరచు అతికేది కాదు. గుండ్రని మేకు దించితే ఎముక తల దానిచుట్టూ తిరిగిపోయేది. స్మిత్-పీటర్సన్ 1925లో వాడిన ఉక్కు మేకు మూడు రెక్కలు కలిగియుండుటచే ఆ తిరుగుడును అరికట్టింది. ఫలితాలను 1931లో సహచరులతో కలసి ప్రకటించాడు. 1932లో స్వీడన్ వైద్యుడు స్వెన్ యోహాన్సన్ మేకు నడుమ రంధ్రం ఏర్పరచి, ఎక్స్-రే సాయంతో తీగమీదుగా దించాడు. దీనితో కీలును తెరవవలసిన అవసరం తప్పింది.

పరిమితులు

మెడకు దిగువన అస్థిరంగా విరిగిన ఎముకను ఈ మేకు ఒక్కటే నిలుపలేకపోయేది. కండరాల లాగుడుకు, దేహభారానికి విరుపు వంగిపోయేది. అందుచేత 1937లో థార్న్‌టన్ మేకుకు పలకను జోడించి, దానిని తొడ ఎముకకు మరలతో బిగించాడు. అనంతరకాలంలో జారే మరలు, ఎముక గొట్టంలో దించే కడ్డీలు దీని స్థానాన్ని ఆక్రమించాయి. అయితే రోగిని త్వరగా మంచంనుండి లేపాలన్న లక్ష్యం మారలేదు.

ఇతర కృషి

అరిగిన తుంటి కీలులో అమర్చుటకు 1923లో గాజు గిన్నెను ప్రయోగించాడు. గాజు పగులుతుండడంతో, 1938లో వైటాలియం అనే మిశ్రమలోహాన్ని స్వీకరించాడు.