వెల్డింగు రాడ్డుకు పూత వేసిన ఆస్కార్ షెల్‌బెర్గ్

కర్నూలు నుంచి కడప దాకా రోడ్డు పొడుగునా వెల్డింగు షాపులే. ట్రాక్టరు ట్రాలీ అతికేవాడో, బోరు పైపు అతికేవాడో చేతబట్టుకునే బూడిదరంగు రాడ్డును చూడని పెన్షనరు మనలో ఉండరు. దానిమీది పూత ఎవరి ఆలోచనో ఎరిగినవారు మాత్రం తక్కువ. సర్వీసులో కొన్నేళ్ళు ఒక ప్రాజెక్టు స్టోర్సులో ఈ రాడ్ల లెక్క రాసినవాణ్ణి గనుక, ప్రత్యేక సంచికకు ఆ మహనీయుని జీవితమే రాద్దామనుకున్నాను.

ఆస్కార్ షెల్‌బెర్గ్ 1870లో స్వీడన్ దేశంలోని అర్వికాలో జన్మించారు. ఇంజనీరై, ఆవిరి ఓడలలో పనిచేశారు. ఆ రోజుల్లో ఓడ బాయిలరంటే రేకులకు రివిట్లు కొట్టి చేసినదే. రివిట్టు వదులైతే ఆవిరి కారేది. ఎన్నిసార్లు కొట్టినా మళ్ళీ కారేది. బాయిలరు పగిలితే దగ్గరున్నవారి ప్రాణాలకు దిక్కులేదు. ఆ మరమ్మతు పద్ధతి ఆయనకు నచ్చలేదు.

కరెంటుతో ఇనుమును కరిగించి అతకడం అప్పటికే ఉంది. రష్యాలో స్లావ్యానోవ్ గారు 1888లోనే ఇనుప కడ్డీనే కరిగించి చూపారు. చిక్కల్లా గాలితో వచ్చింది. కరిగిన ఇనుములో గాలి కలిస్తే అతుకు పైకి నున్నగానే ఉంటుంది, లోపల పెళుసైపోతుంది. షెల్‌బెర్గ్ గారు ఇనుప తీగను ఖనిజాల ముద్దలో ముంచి ఆరబెట్టారు. ఆ పూత కాలి, పొగై గాలిని అడ్డుకుంటుంది. మిగిలినది చిట్టెంగా అతుకుపై పేరుకొని కాపాడుతుంది. 1904లో గోథెన్‌బర్గ్ రేవుపట్టణంలో ఆయన పెట్టిన కంపెనీయే ఈసాబ్. మొదట్లో ప్రధానమైన పని ఓడల మరమ్మతు. 1920లో అక్కడే పూర్తిగా వెల్డింగుతో ఒక చిన్న ఓడ కట్టారు. అదే ఏడు ఇంగ్లండులో ఫుల్లగార్ అనే ఓడ కూడా రివిట్లు లేకుండా సముద్రంలోకి దిగింది. కాబట్టి ఘనతంతా ఒక్కరిదే అనలేము. 1931లో ఆయన కన్నుమూశారు.

తర్వాతి కథ ఆయన చూడలేదు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికావారు లిబర్టీ ఓడలు 2,700కు పైగా వెల్డింగుతోనే కట్టారు. కొన్ని పగిలాయి. 1943 జనవరిలో షెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు ఓడ తుపానూ లేదు, తాకిడీ లేదు, రేవులో నిలిచి ఉండగానే రెండుగా విరిగింది. అందరూ వెల్డింగునే తిట్టారు. కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే విదుషీమణి లిబర్టీ ఓడల సంగతి పరిశీలించి, చలిలో ఆ ఉక్కే పెళుసవుతుందని తేల్చారు. వెల్డరుపై నింద వేయడం ఎప్పుడూ సులువే మరి!

అప్పటినుంచి ఉక్కునూ, రాడ్డునూ చలిలో పెట్టి, గాటు పెట్టి, సుత్తిదెబ్బతో విరగగొట్టి చూడడం ముఖ్యమైన పరీక్షయింది. ఉక్కు బలం పెరిగేకొద్దీ ఇంకో బెడద. పూతలో తేమ ఉంటే దానిలోని హైడ్రోజన్ అతుకులో చేరుతుంది. వెల్డరు పని ముగించి ఇంటికి పోయాక, ఒక్కోసారి మరునాడు, పగులు కనిపిస్తుంది. మా స్టోర్సులో అందుకే రాడ్లకు పొయ్యి ఉండేది. మనుషులు చలికి వణుకుతున్నా రాడ్లు మాత్రం వెచ్చగా ఉండేవి! మా ఇంజనీరుగారు తేమ తగిలిన పెట్టెను పని ఆగినా ఇష్యూ చేయనిచ్చేవారు కారు. పైనుంచి ఫోన్లు వచ్చినా సంతకం పెట్టలేదు. గేటు అతుకు వదిలితే దిగువనున్న ఊళ్ళ సంగతేమిటని ఆయన వాదన.

యుద్ధనౌకలకు కావలసిన గట్టి ఉక్కును మనం చాలాకాలం బయటినుంచే తెచ్చుకున్నాం. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాలయం డి.ఎం.ఆర్. 249ఎ అనే ఉక్కును రూపొందించగా, ప్రభుత్వ ఉక్కు కర్మాగారాలు తయారుచేశాయి. ఉక్కు కొత్తదైతే దానికి సరిపడే రాడ్డు, తీగ కూడా అదే చలికి, అదే దెబ్బకు నిలవాలి. ఆ ఉక్కుతో కోల్‌కతాలో కట్టిన కమోర్తా నౌక 2014 ఆగస్టు 23న మన విశాఖపట్నంలోనే నౌకాదళంలో చేరింది.